బుసకొట్టే కాగు

పోలన్న తల ఇంకా మెడ మీదే ఉందన్న కబురు తుమ్మెదగట్ల సీమకు చేరేసరికి అతని కూతురు కురంగి మోకాళ్ళ దాకా ద్రాక్షపండ్లలో మునిగి ఉంది.

కబురు తెచ్చినవాడు హిరణ్యదుర్గం చాటింపుదారు. గుర్రం దిగనైనా దిగలేదు. తొక్కుడు తొట్టెల నుంచి లేచే తియ్యని వాసనకు ఉత్తరీయంతో ముక్కు మూసుకుని, డప్పు మీద ఒక దెబ్బ వేసి, మందను అదిలిస్తున్నట్టు గొంతెత్తాడు.

"మట్టికాళ్ళ జనులారా, వినండి. మా యువరాజుకు విషమధువు పోసిన నేరానికి మీ పోలన్నకు పడిన శిక్షను భువనమల్ల మహారాజు పున్నమి దాకా ఆపారు. ఏ కాగులోని మధువు తాగి యువరాజు ఒళ్ళు తెలియకుండా పడిపోయాడో, ఆ కాగుకు తోడుకాగు మీ దగ్గరుందట. దాన్ని పున్నమినాటికి కొలువుకు తెచ్చి, అందరి ఎదుటా తాగి చూపండి. తాగినవాడు నిలబడితే పోలన్న ఇంటికి వస్తాడు. పడిపోయినా, కాగు రాకపోయినా పోలన్న తలా ఉండదు, ఈ కొండల మీద ఒక్క తీగా ఉండదు."

గుర్రం తిప్పేముందు తొట్టెలోకి ఉమ్మేసి వెళ్ళాడు.

ఇంత విషం కక్కిన మాటల్లో శుభవార్త ఎక్కడుందని ఎవరైనా అడగవచ్చు. ఆ ఉదయమే పోలన్న తల తెగుతుందని కొండలన్నీ ఏడ్చి కూర్చున్నాయి మరి. కురంగి ఏడుస్తూనే తొట్టెలోకి దిగింది. కోసిన పండు ఆగదు. ఇప్పుడు ఏం చేయాలో తెలియక, తొట్టెలో ఉన్నచోటే చతికిలబడి, రెండు చేతుల నిండా పండ్లు పట్టుకుని నవ్వసాగింది. ఆమె మొగుడు ఉదయవర్ధనుడు లేపబోయి తానూ జారిపడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్ళ గుండెల మీది బండ ఆ చప్పుడుతో దొర్లిపోయింది.

"అల్లుడుగారికి ఆ తొట్టె బాగా అచ్చొచ్చినట్టుంది" అంది కురంగి మేనత్త చెల్లాంబ, కళ్ళు తుడుచుకుంటూనే. "వచ్చిన మొదటిరోజూ అందులోనే పడ్డారు. పిల్ల అప్పుడే మనసు పారేసుకుంది."

ఉదయవర్ధనుడు మణిహారపురపు యువరాజు. దాయాదులు రాజ్యం లాక్కుని ప్రాణం తీయబోతే, కూలివాడి వేషంలో ఈ కొండలెక్కి ద్రాక్ష తొక్కే పనిలో చేరాడు. కత్తి పడితే పదిమందిని నిలవరిస్తాడు గాని, పచ్చి ద్రాక్షకూ పండిన ద్రాక్షకూ తేడా చెప్పలేడు. ఈ నెలవంక కనిపించిన రోజునే వాళ్ళ పెళ్ళయింది. తలంబ్రాల బియ్యపు గింజలు కురంగి జడలో ఇంకా ఒకటీ అరా దొరుకుతూనే ఉన్నాయి.

"ముందు కాగు తీయండి" అంది కురంగి తొట్టెలోంచి లేచి. "సంబరం నాన్న వచ్చాక."

తుమ్మెదగట్ల మధువు సంగతి ఇక్కడ కొంత చెప్పాలి. ఆ సీమ ఎంత చిన్నదంటే ఈ కొన మీద పిలిస్తే ఆ కొన మీద పలుకుతారు. ఎర్రమట్టి గట్లు, గట్లకు రాతి కట్టలు, కట్టల మీద ముసలి తీగలు. అక్కడ పండును కడగరు. పండు పైన బూడిద చల్లినట్టు ఒక తెల్లని పొర ఉంటుంది, మధువుకు ప్రాణం ఆ పొరలోనే ఉందని వాళ్ళ నమ్మకం. కాళ్ళతో తొక్కి, తొక్కా గింజా రసమూ కలిపి, మెడదాకా భూమిలో పాతిన మట్టికాగుల్లో పోస్తారు. పొడి కలపరు, రంగు కలపరు, పొగ పట్టించరు. ఆకులతో, తడిమట్టితో మూతి మూసి, ఊపిరి ఆడటానికి సన్నని వెదురు గొట్టం ఒకటి గుచ్చి వదిలేస్తారు. కొండ చల్లదనంలో మధువు నిద్రపోతుంది. నిద్రపోతున్నదే గాని చచ్చినది కాదు.

హిరణ్యదుర్గంలో తీరు వేరు. రాజుగారి మాంత్రికుడు గంధకభైరవుడు కుళ్ళిన పండు రసంలో పొడులు కలిపి, గంధకపు పొగ పట్టించి, లక్కరంగు పోసి మధువు చేస్తాడు. నగరమంతా అదే తాగాలి, తెల్లారి తలలు పట్టుకుని తిరగాలి. ఒక్కసారి కొండమధువు రుచి చూసినవాడు మళ్ళీ ఆ రంగునీళ్ళ జోలికి పోడు. అందుకే ఆ చిన్న సీమ అతని కంట్లో నలుసయింది.

చెల్లాంబ, అదే రోజున అదే పండుతో నింపిన తోడుకాగు చుట్టూ మట్టి తవ్వించింది. కురంగి వేలి కణుపుతో కాగు నడుమును తట్టి, చెవి ఆనించింది. లోపల ఎక్కడో, నిద్రలో పసిపాప పెదవి చప్పరించినట్టు, చిన్న చప్పుడు.

"బతికే ఉంది" అంది.

తడిగడ్డి పరిచిన బండి మీద కాగును ఎక్కించి బయలుదేరారు. కొండ దిగువ మలుపులో మొదటిసారి ఎండ తగిలింది. అంతే, ఉదయవర్ధనుడి వెనకనుంచి బుస్సున పెద్ద శబ్దం. అతడు బండి మీంచి దూకి, ఒరలోంచి కత్తి దూసి, గడ్డిని పొడవసాగాడు.

"ఎవర్ని చంపుతున్నావు దొరా?" అంది కురంగి.

"పాము. ఎంత లావుదో, ఆ బుస వినలేదా?"

"అది మధువు. వేడికి మెలకువొచ్చింది. గొట్టంలోంచి ఊపిరి వదులుతోంది."

అతడు కత్తి ఒరలో పెట్టి, చెవులదాకా ఎర్రబడి, వెంటనే పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. "కురంగీ, మధువు మధ్యనే పుట్టి పెరిగిన నీకు దాని సంగతి తెలుసు. నాకు తెలియలేదు. కోటవాకిట్లో బంట్లకూ తెలియదు."

మాంత్రికుడి మనుషులు దారి పొడుగునా కాగు కోసం కాచి ఉంటారని ఇద్దరికీ తెలుసు. ఆ మలుపులోనే పాములవాళ్ళ వేషం కుదిరిపోయింది. కాగు మీద పాత మచ్చల గుడ్డ కప్పారు. కురంగి పూసల పేర్లు వేసుకుంది. ఉదయవర్ధనుడు తలకు కాషాయపు పాగా చుట్టి, నాగస్వరం ఒకటి సంపాదించాడు. ద్రాక్షరసం ఇంకిన పాదాలకు బూడిదా బురదా దట్టంగా పూసుకున్నారు.

మైదానంలో అడుగుపెట్టాక ఆ జనం ఎలాంటివాళ్ళో తెలిసింది. మొదటి ఊళ్ళో బావి దగ్గర చేద ఇవ్వలేదు. రెండో ఊళ్ళో ఒక ముసలామె వాకిట్లోంచి కదలకుండానే చాటెడు ఊక వాళ్ళ మీదికి విసిరింది. సత్రం అరుగు మీద కూర్చుంటే, వాళ్ళు లేచాక ఆ చోటు పేడనీళ్ళతో కడిగారు. ఒక మీసాల పెద్దమనిషి మాత్రం బండి ఆపి ఆప్యాయంగా పలకరించాడు. కొండలవైపు నుంచి వస్తున్నారా, మట్టికాళ్ళవాళ్ళ కాగు ఏదైనా ఎదురైందా, కనిపిస్తే చెప్పండి, నలుగురం కలిసి రాళ్ళతో పగలగొట్టి పుణ్యం కట్టుకుందాం అన్నాడు.

"ఎదురైతే తప్పక చెబుతాం బాబూ" అని కురంగి దండం పెట్టింది. బండి కదిలాక, "ఆ మీసాలకు నా మధువు చుక్క తగలకుండా చేస్తా, చూడు" అని పళ్ళు నూరింది.

హిరణ్యదుర్గపు సింహద్వారం దూరం నుంచి చూస్తే ఎంత అందమో. నల్లరాతి గోడలు మబ్బుల్ని మోస్తున్నట్టుంటాయి. తలుపులకు పొదిగిన ఇత్తడి సింహాల నోళ్ళలో నెమళ్ళు గూళ్ళు పెట్టుకుంటాయి. పైన బంగారు కలశాలు, వాటి మీద గాలికి చెంగున తిరిగే రాగిపక్షులు. దగ్గరికి వెళ్తేగాని ఆ సింహాల కాళ్ళ కింద కుంపట్లు కనిపించవు. లోపలికి వచ్చే ప్రతి కుండకూ, ప్రతి బుట్టకూ అక్కడ గంధకపు పొగ పట్టించాల్సిందే. పసుపుపచ్చని ఆ పొగ మధువుకు తగిలిందా, అందులోని ప్రాణం పోతుంది.

ద్వారపాలకుల నాయకుడు ఉగ్రసింగడు. తాటిదూలం లాంటి ఒళ్ళు, చెవులదాకా మెలితిప్పిన మీసం.

"దించండి ఆ కుండ. మూత తీయండి, పొగ పెట్టాలి."

"పొగ పెడితే ఆయనకు కోపమొస్తుందయ్యా" అంది కురంగి.

"ఎవరికే?"

"లోపలున్న నాగయ్యకు. మొన్నే ఒక దున్నపోతును చుట్టేశాడు. ఇంకా అరగలేదు."

"కుండలో పాముందని మా చెవుల్లో పూలు పెడతావా? కల్లు దాచి తెచ్చే ప్రతి వెధవా ఇదే పాట." ఉగ్రసింగడు ముందుకొచ్చి బల్లెం మొనతో గుడ్డ పైకెత్తాడు. మిట్టమధ్యాహ్నపు ఎండ నేరుగా కాగు మెడ మీద పడింది.

బుస్సు.

అది ఆగలేదు. సాగి సాగి, సన్నగా మొదలై బొంగురుగా మారి, గొట్టం చివర తెల్లని నురగ కక్కి, మళ్ళీ అందుకుంది. ఉగ్రసింగడి మీసం ఒక కొస కిందికి వాలింది. బంట్లలో ఇద్దరు ఇత్తడి సింహాల మీదికి ఎక్కారు. ఉదయవర్ధనుడు ఇదే అదనని నాగస్వరం అందుకున్నాడు. ఆ పాటకు నిజంగా పాము ఉంటే సిగ్గుతో చచ్చేది.

"విషం కక్కుతోంది, విషం" అన్నాడు సింహం మీంచి ఒకడు. "నాయకా, ఆ కన్నంలోంచి బయటికొస్తుందేమో."

అక్కడ కథ అడ్డం తిరిగింది. ఉగ్రసింగడు పిరికివాడే గాని తెలివితక్కువవాడు కాడు. "లక్క తెండి" అన్నాడు. "ఆ కన్నం మూసేయండి."

కురంగి బండికి అడ్డంగా వచ్చింది. "అయ్యా, ఊపిరాడక చచ్చిపోతాడు."

"చావనీ. చచ్చినా బతికినా పాము పామే. గంధకభైరవులవారికి పాములంటే మక్కువ. నేరుగా ఆయన మేడకు తీసుకుపోండి." వేడివేడి లక్క గొట్టం మీద ముద్దగా పడింది. దాని మీద రాజముద్ర దిగింది. ఇంక నోరెత్తితే వేషం బయటపడుతుంది. బల్లేలు ముందూ వెనకా కమ్ముకుని బండిని నగరంలోకి తోశాయి.

మెలకువొచ్చిన మధువుకు ఊపిరి బిగిస్తే ఏమవుతుందో కొండమీద పసివాళ్ళకు కూడా తెలుసు. కురంగి కాగు మీద చెయ్యి వేసింది. వెచ్చగా ఉంది. తట్టి చూసింది. ఇందాకటిదాకా నిండుకుండలా మెత్తగా పలికినది ఇప్పుడు బిగించిన మద్దెలలా టంగుమంది.

"ఎంతసేపు ఆగుతుంది?" అన్నాడు ఉదయవర్ధనుడు పెదవులు కదపకుండా.

"నువ్వు ఊదే పాటను మనం ఎంతసేపు ఓర్చుకుంటామో అంతసేపు."

"అంటే పగిలిపోయినట్టే."

ఆమె కొప్పులోంచి సూది తీసి లక్క మీదికి చెయ్యి జరిపింది. పక్కనున్న బంటు బల్లెపు కర్రతో మణికట్టు మీద కొట్టాడు. సూది దుమ్ములో పడిపోయింది. వీధికి ఇరుపక్కలా మిద్దెల మీంచి జనం వేళాకోళాలు విసిరారు. పాములవాడి పెళ్ళాం పామును మించి ఉందని ఒకడు, మొగుడి పాటకు అదే విషం కక్కుతోందని ఒకడు. ఎవరో ఖాళీ సీసా విసిరితే ఎద్దు కొమ్ముకు తగిలి పగిలింది. సీసా అడుగున మిగిలిన రంగుమధువు చుక్క పడిన చోట దుమ్ము కూడా పొంగి నల్లబడింది.

గంధకభైరవుడి మేడ నగరానికి నడిబొడ్డున ఉంది. దాని గోడలకు సున్నానికి బదులు పసుపుపచ్చని గంధకం పూత. లోపల నేల నుంచి కప్పుదాకా గాజు సీసాలు. నీలం, పగడం, చిలకపచ్చ, నిప్పురంగు. ఎండ వాటి మీద పడి చలువరాతి నేల మీద ఇంద్రధనుస్సులు అల్లుతుంది. ఆ అందం చూసి ఒక్క క్షణం కురంగి కూడా కన్నార్పలేదు. అంతలో సీసాల మధ్య పంజరాల్లో చిలకలు కనిపించాయి. వాటిలో ఒక్కటీ పలకదు. పొగకు గొంతులు పోయాయి. గదికి ఒక మూల పాముల బుట్టలు, మరో మూల ఎర్రగా కణకణలాడే గంధకపు కుంపటి. నడుమ స్ఫటికపు పీట మీద పచ్చలు పొదిగిన బంగారు గిన్నె ఒకటి ఒంటరిగా మెరుస్తోంది.

మాంత్రికుడు పొడుగాటి మనిషి. ఒంటి మీద ఒక్క వెంట్రుక లేదు, కనుబొమలు కూడా లేవు. కాగును గదిలో దింపిన బంట్లను బయట ఉండమని సైగ చేసి, కాగు వైపు చూడకుండా, నేరుగా కురంగి ముందుకొచ్చి కిందికి వంగాడు.

"పాములు పట్టేవాళ్ళ కాలిగోళ్ళ సందుల్లో ఊదారంగు ఎందుకుంటుంది తల్లీ?" అన్నాడు మెత్తగా.

కురంగి పాదాలను చీర కుచ్చిళ్ళ కిందికి లాక్కుంది.

"పోలన్న కూతురివి. ముక్కు అదే. ఇతడు మీ కొత్త అల్లుడు కాబోలు. పెళ్ళి కబురు మాదాకా వచ్చింది. కానుక పంపలేకపోయాను."

ఉదయవర్ధనుడి చెయ్యి కత్తికోసం తడిమింది. కత్తి బండిలో గడ్డికింద ఉంది. చేతిలో నాగస్వరం ఉంది.

"మా నాన్న ఎవరికీ విషం పెట్టలేదు" అంది కురంగి.

"నాకు తెలియదా? పెట్టినవాణ్ణి నేనే." గంధకభైరవుడు పీట దగ్గరికి వెళ్ళి గిన్నెను ముద్దుగా నిమిరాడు. "మధువులో కాదు, ఇదిగో, ఇందులో. లోపలి అంచుకు నిద్రమూలిక రసం పూసి ఆరబెట్టాను. కంటికి కనిపించదు. నా మధువుకు చలించదు, మీ కొండమధువు పులుపు తగిలినప్పుడే కొంచెం కొంచెంగా కరుగుతుంది. మీ సీమలో ఒక ఆచారం ఉందట కదా. పరాయివాడు గిన్నె ఇస్తే, మొదటి గుక్క ఆ గిన్నె తెచ్చినవాడే తాగాలి. ఆ రోజు నేను గిన్నె అందించినప్పుడు మీ నాన్న ఆ మాట అంటాడేమోనని నా అరచేతులు చెమటలు పట్టాయి. అనలేదు. పెద్దల కొలువులో పల్లెటూరి పట్టుదలలు బాగుండవని మర్యాదకు ఊరుకున్నాడు. ఆ మర్యాదే అతణ్ణి చెరసాలలో వేసింది."

కురంగికి ఒళ్ళంతా మండింది. నాన్న అచ్చం అలాగే చేసి ఉంటాడు. ఎదుటివాడు నొచ్చుకుంటాడని తన ఇంట్లో తానే తలుపు తట్టే మనిషి.

"ఈ కాగును నేనే పున్నమినాడు కొలువుకు పంపుతాను" అన్నాడు మాంత్రికుడు. "మహారాజు అడిగినట్టే. దీనిలో నా పొడి కాస్త కలిపి. నా అదృష్టం, రాజముద్ర కూడా పడివుంది. మీ ఇద్దర్నీ మాత్రం కొలువుదాకా శ్రమపెట్టను." అతడు పక్కగోడ నుంచి పొడుగాటి వెండి శలాక తీసుకుని, చిన్న భరిణె తెరిచి, కాగు దగ్గరికి నడిచాడు.

కాగు నడుము మీద సన్నగా చెమట పట్టి ఉంది. మట్టి లోపలినుంచి, చెవికి అందీ అందకుండా, కీచుమంటోంది. కురంగి మొగుడి మోచెయ్యి పట్టుకుని అడుగు వెనక్కి వేసింది.

"ఆ ముద్ర ముట్టుకోకు" అంది. "అది మధ్యాహ్నం నుంచి ఊపిరి బిగబట్టి ఉంది. నీ మంచికే చెబుతున్నా."

మాంత్రికుడు నవ్వాడు. ఆడపిల్ల అంత నిజాయితీగా చెప్పిన మాటను అతడు ఆ జన్మలో నమ్మలేదు, ఇప్పుడూ నమ్మలేదు. కాగు మీదికి ముఖం వంచి, శలాకతో లక్క నడిబొడ్డున పొడిచాడు.

పిడుగు పడ్డట్టయింది. లక్కా, గొట్టమూ, ఆకుల మూతా కప్పుకు ఎగిరి తగిలాయి. ఊదారంగు ధార తాటిచెట్టంత లేచి, గంధకభైరవుడి ముఖం మీద పడి, అతణ్ణి వెల్లకిలా పడదోసి, కుంపటిని ముంచెత్తింది. నిప్పు ఆరింది. దాని స్థానంలో చిక్కని పసుపు పొగ గదంతా కమ్మింది. పంజరాలు దొర్లాయి. తలుపులూడిన వాటిలోంచి చిలకలు కిటికీల గుండా పారిపోయాయి. బుట్టలు బోర్లాపడి, ఇన్నాళ్ళూ ముడుచుకుని పడుకున్న అసలు పాములు నేలమీదికి జరజరా వచ్చాయి.

తలుపు తోసుకొచ్చిన బంట్లు పొగలో ఒకరినొకరు గుద్దుకుని, కాళ్ళకింద మెత్తగా తగిలినదేమిటో తెలిశాక వచ్చిన దారినే కేకలు పెడుతూ పోయారు. మిగిలిన ఒక మొండివాడి నెత్తి మీద ఉదయవర్ధనుడు నాగస్వరం విరగగొట్టాడు. ఆ వాద్యం వల్ల జరిగిన మేలు అదొక్కటే.

"కాగు, కాగు" అంది కురంగి దగ్గుతూ. కాగు నిలిచే ఉంది. కొండమట్టి గట్టిది. సగానికి పైగా మధువు పోయింది గాని సగం కంటే కొంచెం తక్కువ మిగిలింది. ఆమె పూసలూ పైటా తీసి మూతికి కుక్కింది. ఇద్దరూ భుజాలు ఆనించి కాగును వసారాలోకి, వసారాలోంచి బండి మీదికి నెట్టారు. ఎద్దులను అదిలించే పని లేకపోయింది. పామొకటి చక్రం దగ్గరికి రాగానే అవి తోకలు ఎత్తి పరుగందుకున్నాయి.

తరువాత జరిగినది హిరణ్యదుర్గం చాలాకాలం మరచిపోలేదు. సీసాల అంగడి వీధిలో బండి ఒక చక్రం మీదే మలుపు తిరిగింది. రంగుల సీసాలు గుట్టలుగా కూలి, ఎర్రదీ నీలిదీ కలిసి కాలవల్లో పారాయి. వెనక గుర్రాల డెక్కలు. ఎడమనుంచి రాళ్ళు, కుడినుంచి చెప్పులు. ఉదయవర్ధనుడు గడ్డికింద నుంచి కత్తి లాగి, ఎగిరొచ్చిన బల్లేలను రెండుగా నరుకుతూ బండి వెనక నిలబడ్డాడు. కురంగి ముందు పగ్గాలు పట్టుకుని, ఒళ్ళో కాగు మెడను చంటిబిడ్డలా అదుముకుని ఉంది. గుర్రాలు సీసాపెంకుల మీద అడుగు వేయలేక ఆగిపోయాయి. వెనకదారిన కుమ్మరి వాడ దాటి, ప్రాకారం కూలిన చోటునుంచి బయటపడేసరికి ఎద్దుల నోళ్ళ నిండా నురగ.

నగరానికి ఆవల ముళ్ళపొదల మధ్య పాడుబడిన దిగుడుబావి ఒకటి కనిపించింది. లోపలికి దిగేకొద్దీ చల్లదనం. తాళ్ళు కట్టి కాగును మెట్ల మీంచి దింపి, తడిగోడకు ఆనించారు. సాయంకాలపు ఎండ పైమెట్ల మీదే ఆగిపోయింది.

ఉదయవర్ధనుడి భుజం మీద బల్లెం గీసుకుపోయిన గాయం ఉంది. కురంగి దోసిలితో కొంచెం మధువు తీసి గాయం కడిగింది. అతడు అబ్బా అన్నాడు. ఆమె తన అరచేతిలో మిగిలిన చుక్కను నాకి, కళ్ళు మూసుకుంది.

"ఏమైంది?" అన్నాడు.

"బాగుంది. ఇవాళ బాగుంది." ఆమె ముఖంలో నవ్వు లేదు. "మూతి తెగిన మధువు దొరా. గాలి సోకింది. రేపు సాయంత్రానికి పులుపెక్కుతుంది, పున్నమి నాటికి పుల్లనీళ్ళవుతుంది. ఆ నీళ్ళు రాజు ముందు పెడితే, ఇదిగో విషమంటే ఇలాగే ఉంటుందని ఆ మాంత్రికుడే అంటాడు. నాన్న తల పోతుంది."

ఇంకో కాగు లేదు. తోడుకాగుకు తోడు మరొకటి ఉండదు.

పైన ముళ్ళపొదల అవతలి బాటలో డప్పు మోగింది. చాటింపుదారు గొంతు అదే, కొండ మీద తొట్టెలో ఉమ్మేసినవాడిది.

"పౌరులారా, ఇద్దరు పాములవాళ్ళు గంధకభైరవులవారి మేడను కొల్లగొట్టి పారిపోయారు. చూసినవాళ్ళు చూసినచోటే కొట్టి చంపవచ్చు. ఇంకొక మాట. రేపు ప్రొద్దున ఏటిగట్టున మధూత్సవం ఎప్పటిలాగే జరుగుతుంది. ఆనవాయితీ ప్రకారం ఈ నెలలో పెళ్ళయిన కొత్త జంటలను మహారాజు తమ పందిట్లోకి పిలిచి దీవిస్తారు. గంధకభైరవులవారు తమ పచ్చల గిన్నెతో స్వయంగా మధువు అందిస్తారు. జంటలు పెళ్ళిబట్టలతో రావలెను."

డప్పు దూరమైంది. ఉదయవర్ధనుడు ఆమె వైపు చూశాడు. ఆమె అప్పటికే అతని వైపు చూస్తోంది.

"వద్దు" అన్నాడు.

"నేనేమీ అనలేదు."

"నీ ముఖం అంటోంది. ఆ గిన్నె వాడి చేతిలో ఉంటుంది. చుట్టూ బంట్లు ఉంటారు. వాడు నిన్ను చూసిన మరుక్షణం గుర్తుపడతాడు."

"పట్టనీ. పట్టినా రాజు ఎదుట, నగరమంతా చూస్తుండగా కొత్త పెళ్ళికూతుర్ని ఏం చేస్తాడు? వాడి కళ్ళలో మధువు పడింది, రేపటికి సరిగా కనిపించదు కూడా." ఆమె కాగు మూతికి తడిగుడ్డ చుట్టి బిగించింది. "ఇప్పటిదాకా పాములవాళ్ళం. వేషం చాలు. రేపు ఉన్నట్టే పోదాం. ఈ నెలలో పెళ్ళయింది మనకే కదా. అది కూడా అబద్ధం కాదు."

"పందిట్లోకి పోయాక?"

"నా మధువు నేను తెచ్చాను మహారాజా, మీ గిన్నెలో పోయండి అంటాను. గంధకభైరవుడు ఆ పూత ఉన్న గిన్నె చాచుతాడు. అప్పుడు మా నాన్న మర్యాదకు మింగేసిన మాట నేను అంటాను. గిన్నె నువ్వు తెచ్చావు, మొదటి గుక్క నువ్వు తాగు అని."

"తాగనంటే?"

"ఎందుకు తాగవని రాజు అడుగుతాడు. కొడుకు మంచం మీదున్న తండ్రి అడగకుండా ఉండడు."

"తాగనని వాడు కత్తి తీస్తే?"

"అప్పుడు నువ్వుంటావు."

ఉదయవర్ధనుడు చాలాసేపు కత్తి అంచును రాతి మీద నూరాడు. నూరడం ఆపి అన్నాడు. "నా పెళ్ళిపంచె కొండ మీదే ఉండిపోయింది."

"నా చీర కూడా. తెల్లారగానే ఏటిగట్టున చాకిరేవు ఉంటుంది. ఆరేసిన వాటిలో మనకు పట్టేవి ఏరుకుందాం, మళ్ళీ ఇచ్చేద్దాం. డప్పు మోగేసరికి జంటల వరసలో మొదట మనమే నిలబడి ఉండాలి. నువ్వు కాగున్న బండిని నడుపు, నేను తల వంచుకుని నీ వెనక వస్తాను."

"నువ్వు? తల వంచుకుని?"

"ఒక్క పూటకే దొరా. పందిరి దాకా."